నీలం గుడ్డల చేను

విజయభాస్కర్ నన్ను ముంచాడని రెండేళ్ళు ఊరూరా చెప్పుకుని తిరిగాను. బస్సులో పక్కన కూర్చున్నవాడికి చెప్పాను. ఎరువుల అంగట్లో చెప్పాను. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని, అన్నం చల్లారిపోతున్నా చెప్పాను. విత్తనాల కంపెనీలో ఫీల్డు ఆఫీసరు అతను. "ఓబులేష్ అన్నా, ఇత్తనం సంచి మీద నీ పేరే ఏస్తాం, ఫోటో గూడ" అన్నాడు. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానినవాణ్ణి. నా పేరు అచ్చులో చూసుకున్నది రేషను కార్డులోనూ కరెంటు బిల్లులోనూ మాత్రమే. ఆ సంచి రాలేదు. అతని మీద కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ కోపం వెనక ఇంకొకటి నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మా ఆవిడ మల్లీశ్వరికి ఒక అలవాటు ఉండేది. విత్తిన తర్వాత వాన ముఖం చాటేసి నెల దాటితే, వేరుశనగ చేను మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటుంది. దాన్నే మేము బెట్ట అంటాం. అందరూ ఇళ్ళల్లో నడుం వాల్చే ఆ ఎండలో ఆమె చేనికి పోయేది. ముడుచుకోని చెట్టు కనబడితే పక్కన గొంతుక్కూర్చుని, చెట్టు మొదలు దగ్గర మట్టిలోకి రెండు వేళ్ళు పోనిచ్చి తడిమేది. కొన్నింటిని వదిలేసి లేచేది. కొన్నింటికి కొంగున కట్టుకొచ్చిన నీలం గుడ్డ పేలిక ఒకటి తీసి ముడి వేసేది. పంట పెరికేనాడు ఆ చెట్లు విడిగా పెరికి, కాయలు ఎండబెట్టి, వేపాకు కలిపి కుండలో పోసి మూతికి పేడ మెత్తేది. గుడ్డలు విప్పి, ఉతికి, దాచేది. మరుసటి ఏడు ఆ విత్తనమే నేను తూర్పు చేనిలో వేసేవాణ్ణి. అందరి చేలు ఎండినా మాది ఇంకో రెండు వారాలు నిలబడేది. అది నా దుక్కి గొప్ప అనుకునేవాణ్ణి.

"ఏమే, సెట్లకు పెండ్లి జేస్తాండావా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

మా అమ్మ కదిరమ్మ అయితే, "కట్టుకునేకి గుడ్డ ల్యాకపాయె, ఈమె సెట్లకు సింపి కడతాది" అనేది.

మల్లీశ్వరి తన పేలికలు తాను చింపుకునేది. పొద్దున నాలుగున్నరకు లేచి, కసువు ఊడ్చి, ఎనుము పాలు పిండి, మా అమ్మకు నీళ్ళు కాచి, రాగిసంకటి కెలికి, కూలికి పోయి వచ్చి, మళ్ళీ పొయ్యి ముందు కూర్చునే మనిషి. ఆమెకంటూ ఒక గంట ఉంటే అది ఆ ఎండలో చేనిలో ఉండే గంటే. అది పని అని నాకు తట్టలేదు. ఇంట్లో ఆమె చేసే ఏదీ పని అని నాకు తట్టలేదు.

ఒక ఏడు వాన నలభై అయిదు రోజులు పడలేదు. ఊరంతా ఎర్రగా మాడిపోతే మా తూర్పు చేను రోడ్డు మీదికి కనబడేంత పచ్చగా ఉంది. విజయభాస్కర్ బండి ఆపింది అప్పుడే. కంపెనీ, యూనివర్సిటీ, గవర్నమెంటు మూడూ కలిసి కరువుకు తట్టుకునే విత్తనం కోసం పథకం పెట్టాయన్నాడు. డబ్బు గవర్నమెంటుది, పరీక్షలు యూనివర్సిటీవి, అమ్మకం కంపెనీది. నాలుగో సంతకం రైతుది. "పట్టా ఎవరి పేరున ఉంది?" అని అడిగాడు. నాదేనన్నాను. అక్కడితో రైతు ఎవరో తేలిపోయింది.

పెద్దసార్లు వచ్చే ముందురోజు ఫోన్ చేశాడు. "అన్నా, చేను నీటుగా పెట్టు. ఫోటోలు తీస్తారు."

పోయి చూశాను. నా కంటికి నీటుగా లేనిది ఒకటే కనబడింది, ఆ నీలం పేలికలు. చీమిడి తుడిచి పడేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. సాలు సాలూ తిరిగి, ముళ్ళు రాకపోతే పళ్ళతో లాగి విప్పాను. నలభై రెండు. ఇంటికి తెచ్చి నీళ్ళపొయ్యిలో వేశాను. ఆ వేడినీళ్ళతోనే తలంటుకున్నాను.

తెల్లవారి మల్లీశ్వరి అంట్లు తోమడానికి ఆ పొయ్యిలో బూడిద ఎత్తుతుంటే కాలీకాలని ముడి ఒకటి చేతికొచ్చింది. నేను అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాను. అద్దంలో ఆమె కనబడింది. ఆ ముడిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏమైనా అంటుందేమో అనుకున్నాను. బూడిద తీసుకుని అంట్లు తోమింది. వచ్చే సార్లతో కలిపి పదకొండు మందికి వంట చేసింది.

చేనిలో సార్లకు నేను చెప్పాను, ముందే విజయభాస్కర్ నేర్పినట్టు: "పద్దెనిమిదేండ్ల సంది నేనే ఏరుకుంటా వస్తాండా సార్." యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళలో ఆశ్రిత అని చిన్న మేడమ్ ఒకామె ఉంది. అందరూ నా చుట్టూ ఉంటే ఆమె ఒక్కతే చేను చివరిదాకా పోయి, నా కంటపడక మిగిలిపోయిన పేలికతో ఒక చెట్టు చూసి అక్కడ నుంచి కేకేసింది.

"ఈ గుడ్డ ఎవరు కట్టారండీ?"

మల్లీశ్వరి టీ చెంబు, గ్లాసులు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. నేను నవ్వాను.

"పిల్లోళ్ళు ఆడుకుంటా కట్టింటారులే మేడమ్."

అందరూ నవ్వారు. మల్లీశ్వరి గ్లాసుల్లో టీ పోసింది. ఎవరి గ్లాసులోనూ తక్కువ పోయలేదు.

పంట కాలానికి కంపెనీవాళ్ళు వచ్చి పచ్చగా ఉన్న చెట్లన్నీ పెరుక్కుని పోయారు. పుట్టపర్తిలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. "నేనూ వస్తా" అని ఆమె అడిగింది. "ఎనుమును ఎవురు జూస్తారు?" అన్నాను. శాలువా ఇంటికి తెస్తే మడత పెట్టి పెట్టెలో వేసింది. రెండేళ్ళకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: మొక్క పచ్చగా ఉంటోంది, కాయ రావడం లేదు, ఆశించిన ఫలితం లేనందున ఒప్పందం ముగిసినది. విజయభాస్కర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మా తూర్పు చేనిలోనూ అదే జరిగింది. బెట్టలో కళకళలాడే చేను, పెరికితే వేళ్ళకు రెండు తాలు కాయలు. పచ్చగా నిలబడిన పొలాన్ని చూసి మనిషి భయపడతాడని నాకు అంతకు ముందు తెలియదు.

పోయిన వేసవిలో ఆశ్రిత ఒక్కతే స్కూటీ మీద వచ్చింది. నన్ను పలకరించి, నేరుగా వంటింట్లోకి పోయి, బ్యాగులోంచి నోట్సు పుస్తకం తీసి, దాంట్లో కాగితాల మధ్య పెట్టుకున్న నీలం పేలిక మల్లీశ్వరి ముందు పెట్టింది.

"ఇది పిల్లలు వేసే ముడి కాదమ్మా. రెండేళ్ళుగా విప్పి చూస్తున్నా, మళ్ళీ వేయడం నాకు రాలేదు."

నేను బయట అరుగు మీద ఉన్నాను. ఇరవై అయిదేళ్ళ సంసారంలో మల్లీశ్వరి అంతసేపు మాట్లాడడం వినలేదు.

"మా యమ్మది పాపా ఈ ముడి" అంది. వాళ్ళమ్మ తిమ్మమ్మ. ఒక కరువులో ఊరంతా విత్తనం కూడా వండుకుని తిన్నప్పుడు, ఆ ముసలామె చావని చెట్ల కాయలు ఒక దోసెడు దాచిందట. పెళ్ళినాడు ఒడిబియ్యంలో ఆ కాయలు కలిపి మల్లీశ్వరి ఒడిలో పోసిందట. ఆ బియ్యం ఇక్కడ వండుకున్నాం, కాయల్ని మాత్రం ఈమె ఏరి పక్కన పెట్టుకుంది. తల్లి పోయినప్పుడు అక్కచెల్లెళ్ళు కమ్మలు, కడియాలు పంచుకుంటే ఈమె నీలం చీర అడిగింది. చేనిలో కట్టినవన్నీ ఆ చీర పేలికలే. "పచ్చగా ఉండేదల్లా మంచిది గాదు పాపా. కొన్ని ఆకు నిలుపుకుంటాయి, కాయ ఇడిసిపెడతాయి. మట్టిలో ఏలు పెడితేనే తెలుస్తాది. కాయ పట్టుకుని ఉండేదానికే గుడ్డ. నేను ఆడ కూర్చుంటే మా యమ్మ ఎనక నిలబడుకుని ఉన్నట్టే ఉండేది. 'ఇది గాదుమే, దాన్ని జూడు' అనేది. గుడ్డలు కాలినప్పటి సంది ఎనక ఎవురూ ల్యారు."

ఆశ్రిత అడిగింది, "ఆ రోజు మాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవురడిగినారు? గుడ్డ ఎవురు కట్టినారని నువ్వడిగితివి. జవాబు నా మొగుడు జెప్పె. అందురూ నగితిరి. నువ్వు గూడ నగితివి."

ఆశ్రిత పుస్తకం మూసిన చప్పుడైంది. విత్తనం ఏమైనా మిగిలిందా అని అడిగింది. జాలాడి పక్కన, స్నానాల నీళ్ళు పారే చోట, రెండు సాళ్ళు ఉన్నాయంది మల్లీశ్వరి. పాత కుండలో అడుగున మిగిలిన కాయలు అక్కడ వేసి, ఏటేటా ప్రాణం నిలుపుతోంది. నేను రోజూ ఆ సాళ్ళ పక్కనే నీళ్ళు పోసుకున్నాను. పచ్చి కాయలు తినడానికి వేసిందనుకున్నాను.

ఆశ్రిత ఫారం తీసింది. రైతు పేరు దగ్గర ఆగి, పాసుపుస్తకంలో ఎవరి పేరు ఉంటే వాళ్ళదే రాయాలని చెప్పింది. "కంపెనీ మళ్ళీ వస్తుందమ్మా. కాగితంలో ఎవరుంటే వాళ్ళతోనే మాట్లాడతారు."

"అట్లయితే రాయొద్దు" అంది మల్లీశ్వరి. తర్వాత నా కోసమే గొంతు పెంచింది. "తూర్పు చేను నా పేరు మీదికి వచ్చినాక రా పాపా. అంతవరకు నేను ఎవురికీ ఇత్తనం ఇయ్యను. ఈ ఇంటికి గూడ ఇయ్యను. ఈ ఏడు గూడ నేను ఏరను."

ఆశ్రిత పోయిన తర్వాత నేను అరిచాను. "ఎవురి సొమ్మని అడుగుతాండావే? మా నాయన ఇచ్చిన భూమి అది!"

"మా యమ్మ ఇచ్చిన ఇత్తనం ఇది" అంది. సంకటి నా ముందు పెట్టి పోయింది.

నాకూ రోషం వచ్చింది. పోయినేడు తూర్పు చేనిలో దొరికిన గట్టి కాయలతోనే చేను విత్తాను. బెట్ట వచ్చింది. ఒక మధ్యాహ్నం నా పాత లుంగీ చించుకుని నేనే చేనికి పోయాను. చెట్టు పక్కన గొంతుక్కూర్చుని మట్టిలో వేళ్ళు పెట్టాను. కాయగా మారే ఊడ తగిలిందో, రాయి తగిలిందో, కాయ తగిలిందో తెలియలేదు. ఇంకో చెట్టు. ఇంకొకటి. తలెత్తితే చేనంతా ఒకే పచ్చ. నేను విప్పిన నలభై రెండు ముళ్ళు ఎక్కడెక్కడ ఉండేవో ఒక్కటీ గుర్తు రాలేదు. పళ్ళ మధ్య మాత్రం ఆ గుడ్డ పీచు రుచి వచ్చింది. ఎండలో ఆ గట్టు మీద గాలి లేదు, అలికిడి లేదు, కానీ నా వెనక ఎవరో నిలబడ్డారు. 'ఇది గాదు' అని ఎవరైనా అంటే బాగుండనిపించింది. అనలేదు. నాకు చెప్పడానికి వచ్చి నిలబడిన మనిషి కాదు. చూడడానికి వచ్చింది. తిరిగి చూసే ధైర్యం లేక, వేళ్ళు మట్టిలో పెట్టుకునే పొద్దు వాలేదాకా కూర్చున్నాను.

ఇంటికి పోయి, "పాసుపుస్తకం యాడ పెట్టినావు?" అని అడిగాను.

మల్లీశ్వరి పెట్టె తెరిచి, శాలువా కింద నుంచి తీసి ఇచ్చింది.

రిజిస్ట్రారు ఆఫీసులో, తూర్పు చేను మల్లీశ్వరి పేరున రాయమంటే, రాతగాడు కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఏమన్నా, ఇంట్లో అంత భయమా?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. మెట్లు దిగుతూ, కనీసం ఒక మంచి మాట వస్తుందేమోనని, పక్కనున్న మల్లీశ్వరితో "నీకిచ్చేసినా గదా, ఇంక సంతోషమేనా?" అన్నాను.

"నువ్వు ఇచ్చేది ఏముండాది" అంది. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

కబురు అందుకుని మళ్ళీ వచ్చిన ఆశ్రిత, ఫారంలో రైతు పేరు మల్లీశ్వరి అని రాసి, భర్త పేరు దగ్గర నా వైపు చూసింది. "ఆడ మా యమ్మ పేరు రాయి పాపా, తిమ్మమ్మ" అంది ఆమె. ఆశ్రిత భర్త అన్న మాట కొట్టేసి తల్లి అని రాసింది. తర్వాత ఆ నీలం పేలిక తిరిగి ఇచ్చింది. మల్లీశ్వరి దాన్ని కొంగున కట్టుకుని, ఎండ దిగకముందే చేనికి పోయింది. గట్టు దాకా వెంట పోయాను. లోపలికి రమ్మనలేదు. ఒక చెట్టు దగ్గర గొంతుక్కూర్చుంది. తల కొంచెం పక్కకు వంచింది, వెనక ఎవరో చెబుతుంటే వింటున్నట్టు.

విజయభాస్కర్ వల్ల ఎంత పోయిందన్నా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అతని వల్ల పోయింది ఒక సంచి మీద పేరు, అంతే. నా చేతులారా నేను పోగొట్టుకున్నది తూర్పు చేను, ఎకరా నలభై రెండు సెంట్లు.