థిన్నర్‌తో తుడిచిన కన్ను

ఆ రోజు ఇంట్లో వెల్డింగు పని చేసే తాతారావు, అతని తల్లి, అన్న కూతురు సత్యవేణి, పడవలకు రంగులు వేసే అప్పన్న ఉన్నారు. వాకిట్లో నేనూ ఉన్నాను. నన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేను ఒక కిటికీని. నాలోంచి చూడటమే గానీ నన్ను చూడటం మనుషులకు అలవాటు లేదు.

నేను పుట్టింది ఫ్యాక్టరీలో, అక్రిలిక్ పలకగా. కొన్నాళ్ళు ఎగ్జిబిషన్‌లో చేపల తొట్టెకు గోడనయ్యాను. పిల్లలు నాకు ముక్కులు ఆనించి చేపలను పిలిచేవారు. అవి పలికేవి కావు. తొట్టె ఎత్తేశాక పాత సామాన్ల కొట్టులో పడ్డాను. అక్కడికి వచ్చాడు తాతారావు. తుఫానులో మునిగిన తన పడవను కళ్ళారా చూడాలని పాత బాయిలరుతో సొంతంగా జలాంతర్గామి చేస్తున్నాడు. బస్సు అద్దం చూసి వద్దనుకున్నాడు. అద్దం చెప్పకుండా పగులుతుందట. రెండంగుళాల మందం ఉన్న నన్ను గుండ్రంగా కోయించాడు. పగులు చిల్లు దగ్గరే మొదలవుతుందని నాకు బోల్టు చిల్లులు పెట్టనివ్వలేదు. చుట్టూ రబ్బరు వేసి ఇనుప చట్రంలో బిగించాడు. ఖాళీ బాయిలరును క్వారీ నీళ్ళలో దించితే నేను చుక్కను కూడా లోపలికి రానివ్వలేదు. ఎంత గర్వపడ్డానో.

సముద్రంలో దిగే ముందురోజు, కొత్త పడవకు కళ్ళు దిద్దినట్టే జలాంతర్గామికీ దిద్దాలన్నారు. అప్పన్న నా చుట్టూ రెప్పలు గీశాడు. రంగు నా మీదికి కారింది. అంత జాగ్రత్తపరుడైన తాతారావు గుడ్డను రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి నన్ను ప్రేమగా తుడిచాడు.

కాసేపటికి నా అంచుల్లో వెంట్రుకల్లాంటి పగుళ్ళు లేచాయి. అరవాలనిపించింది. నాకు నోరు లేదు. సత్యవేణికి ఉంది గానీ, ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. నా దగ్గరికి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. గోళ్ళరంగు తుడిచే మందుతో ఆమె ఒకసారి తన ప్లాస్టిక్ స్కేలు తుడిస్తే ఇలాంటి గీతలే వచ్చాయి. తర్వాత క్లాసులో గీత గీస్తుంటే విరిగింది. అదే చెప్పబోయింది. అవి ఉత్త గీతలేనని తాతారావు నవ్వేశాడు. గీసిన రెప్పలు చెరపకమ్మా అన్నాడు అప్పన్న.

మగవాళ్ళు టీకి వెళ్ళగానే సత్యవేణి స్పానర్ అందుకుంది. చట్రం విప్పి, నన్ను పొట్టకు హత్తుకుని లోపలి గదిలోకి పరిగెత్తింది. ఆమె గుండె నాకు తగులుతోంది.

తిరిగొచ్చిన తాతారావు ఖాళీ చట్రం చూసి నేరుగా గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవుల్నడిగి ఇప్పీసినావే? ఇలా తే."

"స్కేలు ఇరిగితే ఇంకోటి కొనుక్కున్నాను సిన్నాన్నా." ఆమె తల ఎత్తలేదు. "దీని ఎనకాల నువ్వుంటావు."

అతను చెయ్యి చాపాడు. వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తున్న ముసలామె లేచి వచ్చి, కొడుకును పక్కకు నెట్టింది.

"కిటికీ నేకుండా నీల్లల్లో ములుగుతావేట్రా? ములుగు, సూస్తాను," అంటూ మా ఇద్దరి మీదా తలుపు మూసి, బయట గొళ్ళెం పెట్టింది.