నెమలికంఠం జాకెట్టు

"లైటు సక్కగ పట్టు సంపూర్ణా! నా మొహం మీద గాదు, బోల్టు మీద."

పట్టిన. పొయ్యి మీద కుక్కర్ కూతల మీద కూతలు పెడుతున్నది. మా అత్తమ్మ మంచం మీదికెల్లే "ఎవరన్న పొయ్యి బంద్ చెయ్యున్రి" అని అరుస్తున్నది. ఎవరన్న అంటే నేనే. మా ఇంట్ల ఎవరన్న అనే మనిషిని నేనొక్కదాన్నే. నేను కదిలితే కారు కింద పండుకున్న ఆయనకు చీకటైతది, కదలకపోతే పప్పు మాడుతది. కదలలే. పప్పు మాడింది. అన్నం కాడ ఆ మాడు వాసనకు తిట్లు నాకే పడ్డయ్, బోల్టుకు పడలే.

మా ఆయన ఎబినేజర్ సారపాక పేపర్ మిల్లుల ఫిట్టరు. పనిమంతుడే, కాదనను. మిల్లుల ఏదన్న మిషన్ మొరాయిస్తే ఈయన్నే పిలుస్తరు. కానీ అక్కడ పైన ఒక ఇంజినీరు ఉంటడు, ఈయన అవ్ సార్ అనాలె. ఇంటికొస్తే ఈయనే ఇంజినీరు, అవ్ అనేటందుకు నేనున్న. గట్ల నడుస్తుండంగ, హైదరాబాదుల ఎవరో పిల్లగాడు మోజు తీరి అమ్మేసిన రెండు డోర్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి లారీ మీద తెచ్చిండు. అండ్ల కూసుంటే చాప మీద కూసున్నట్టే ఉంటది. బూర్గంపాడు దాక పోయొచ్చేటాలకు స్పీడ్ బ్రేకర్లన్ని దాని కడుపు గీకినయ్. సరే, ముచ్చటపడి తెచ్చుకున్నడు అనుకున్న. ఆ ముచ్చట చాలలే. దాని స్పీడు చాలదంట, ట్విన్ టర్బో కిట్టు పెట్టాలంట, అదీ ఇంట్లనే, తన చేతుల మీదనే. "ముందట యూకలిప్టస్ లారీ, ఎనుక వెదురు లారీ, నడుమ ఎంత స్పీడు పోతవయ్యా?" అని అడిగిన. నవ్వుకుంటనే అడిగిన. "నీకేం తెల్సు?" అన్నడు. ఆయన నవ్వలే.

టర్బో అంటే ఏందో ఆయన నాకు చెప్పలే. లైటు పట్టీ పట్టీ నేనే తెలుసుకున్న. నత్తగుల్ల లెక్క ఉంటది. లోపట చిన్న రెక్కల చక్రం. ఇంజిన్ పొగ దాన్ని తిప్పితే, అది ఇంకో దిక్కుకెల్లి గాలి గుంజి ఇంజిన్ల కుక్కుతది. గసుంటివి కుడికొకటి, ఎడమకొకటి పెడితే ట్విన్ టర్బో. ఇది నేను చెప్తే ఆయన తల ఊపలే, తప్పు అనికూడ అనలే. పానా ఇవ్వుమన్నడు.

కారు పెట్టుకున్నది ఎక్కడనుకున్నరు? నా షెడ్డుల. జూలూరుపాడుల మా అమ్మ పాత వసారా ఇప్పినప్పుడు ఆ రేకులు నాకిచ్చింది, "ఏదన్న నీడ చేసుకో బిడ్డా" అని. ఆ రేకులతోనే ఇంటి ముందట షెడ్డు ఏసుకొని, రెండు మిషన్లు, కత్తిరించే బల్ల పెట్టుకొని, "సంపూర్ణ లేడీస్ టైలర్" అని చెక్క మీద రాయించుకొని తగిలించిన. మిల్లు క్వార్టర్ల ఆడవాళ్ళు వచ్చేటోళ్ళు. కుట్టించుకునేది తక్కువ, ముచ్చట పెట్టేది ఎక్కువ. ఆ షెడ్డుల కూసున్నంతసేపు నన్ను ఎవరూ కోడలా అని పిలవలే. నాకు ఊపిరాడిన జాగ అదొక్కటే.

"ఒక్క నెల," అన్నడు ఆయన. "ఇంజిన్ స్టార్ట్ అయిన దినమే బండి తీసి బయట పెడ్త. షెడ్డు నీదే." నమ్మిన. నమ్మక ఏం చేస్త? మిషన్లు పడకగదిల మూలకు జరిపిన. బల్ల మీద ఆయన స్పానర్లు, పైపులు, డబ్బాలు చేరినయ్. నేను మంచం మీద గుడ్డ పరిచి కత్తిరిస్తుంటే మా అత్తమ్మ అదే మంచం మీద కాళ్ళు జాపి, "కత్తెర చప్పుడుకు కన్నంటుకుంటలేదు" అనేది. బియ్యం కడిగే బేసిన్ల డీజిలు పోసి బోల్టులు నానబెట్టిండు. మిషన్ల పోసే నా నూనె డబ్బా పాయె. కింద పడ్డ సూదులు ఏరుకునే అయస్కాంతం పాయె. ఒక్క నెల పోయింది, వానకాలం పోయింది, క్రిస్మస్ కూడ పోయింది.

ఇంకొక ముచ్చట చెప్పాలె. ఆయన యూట్యూబుల వీడియోలు పెడతడు. "ఇంట్లనే, ఒక్కన్నే ట్విన్ టర్బో ఫిట్టింగ్" అని పేరు. ఒక్కన్నేనంట! కుడి చేతిల లైటు, ఎడమ చేతిల ఫోను, రెండూ నావే. నా వేళ్ళు కనపడ్డ కాడికి కోసేసి పెడతడు. ఒకసారి కొయ్యడం మరిచిండేమో, ఎవరో కింద రాసిండు, "అన్నా, గాజుల చప్పుడు ఎవరిది?" అని. అది చూసి ఆయన నాతోని అన్న మాట, "ఫోను పట్టినప్పుడు గాజులు తియ్యొచ్చు గదా." తీసిన. ఏం చెయ్యాలె? నా చప్పుడు కూడ ఆ షెడ్డుల లేకుంట పోయింది.

ఇగ జాకెట్టు సంగతి. క్వార్టర్ల కళావతి తన తమ్ముని పెండ్లికి నెమలికంఠం రంగు పట్టుచీర తీసుకొని, ఆ చీరల వచ్చిన జాకెట్టు ముక్కే తెచ్చి ఇచ్చింది. అసుంటి ముక్క ఇంక బజార్ల దొరకదు. మస్తు జాగర్తగ కత్తిరించి, ఈపు, ముందు భాగాలు, రెండు చేతులు మంచం మీద పేర్చి, పొయ్యి కాడికి పోయిన. వచ్చి చూస్తే చేతులు లేవు. మంచం కింద చూసిన, అత్తమ్మ దుప్పటి దులిపిన. చివరికి షెడ్డులకు పోయి అడిగిన.

"చేతులేంది? ఓ, గవా! టర్బోల మూతులకు కుక్కిన. దుమ్ము పోవద్దు గదా లోపటికి. మెత్తగున్నయ్, పోగులు రాలవు."

"అయ్యో దేవా! అవి కళావతియి!"

"ముక్కలే గదనే. పైపులు బిగించేటప్పుడు తీసిస్త."

ముక్కలే గదా అన్నడు. కత్తిరించినంక ఏదైనా ముక్కలే, కుడితెనే జాకెట్టు. ఈ మాట ఆయనకు ఎట్ల చెప్పాలో నాకు తెల్వలే. అప్పుడే గుంజి తీద్దామంటే అవి అప్పటికే నల్లగైనయ్. కళావతి పెండ్లికి పోయే ముందురోజు వచ్చి, వేరే గుడ్డ చేతులేసిన జాకెట్టు చూసి, "నా తమ్ముని పెండ్లి సంపూర్ణా, నీ మొగుని కారు పెండ్లి గాదు" అని మొహం మీదనే విసిరికొట్టి పోయింది. తర్వాత ఆమె రాలే. ఆమె ఎంబడి వచ్చేటోళ్ళు కూడ రాలే. వాళ్ళ తప్పేం లేదు. నేనైనా రాకపోదును.

కొన్నాళ్ళకు పైపులు బిగించే పని మొదలైంది. కుడి టర్బోకు బిగించిన దినం ఒక చెయ్యి నా కాళ్ళ కాడ పడేసి, "ఇగో, నీది నీకిచ్చిన" అన్నడు. ఎడమ దిక్కు పైపు నైట్ షిఫ్టుకెల్లి వచ్చి, నిద్ర కండ్లతోనే బిగించిండు. అప్పుడు రెండో చెయ్యి రాలే. సాయంత్రం అడిగిన. ఎప్పుడో తీసి పారేసిన్నన్నడు. చెత్తబుట్ట తిరగేసిన, కారు కింద పాకిన, బల్ల కింద డబ్బాలన్ని జరిపి చూసిన. ఏడ లేదు. జాకెట్టుకు రెండు చేతులు. ఒకటొచ్చిందంటే ఇంకోటి ఎక్కడున్నదో నాకు అర్థమైంది. "ఆ పైపు ఒక్కసారి ఇప్పి చూడు" అని బతిమిలాడిన. ఎందుకు బతిమిలాడిన? ఆయన బండి మీద ప్రేమ తోని గాదు. అది స్టార్ట్ అయితెనే నా షెడ్డు నాకొస్తది.

"నీకేం తెల్సు?" అన్నడు.

ఆదివారం కారు ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నడు. మా సంఘంల ఎవరు బండి కొన్నా పాస్టర్ అయ్యగారు వచ్చి, నూనె రాసి, ప్రార్థన చేసినంకనే తాళం తిప్పుతరు. గుడిల ఆరాధన అయినంక మా పాస్టర్ జకర్యా అయ్యగారు, సంఘపోళ్ళు, మిల్లు దోస్తులు అందరొచ్చిన్రు. నేను తెల్లారకముందే లేచి అందరికి పలావు, కోడికూర వండిన. కారుకు రిబ్బన్ కట్టిన్రు. అయ్యగారు బైబిలు తెరవబోతున్నడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు అని ముందుకొచ్చి అందరి ముందటనే అన్న: "అయ్యగారూ, ఎడమ టర్బోల గుడ్డ ఉన్నది. తీసినంక స్టార్ట్ చెయ్యమనున్రి."

మా ఆయన నవ్విండు. "మా ఆమె ఇంజినీరైంది అయ్యగారూ!" అన్నడు. దోస్తులందరు గొల్లున నవ్విన్రు. మా అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని ఎనుకకు గుంజి, "ప్రార్థన కాడ అవిశ్వాసపు మాటలేంది? నోరు మూసుకో" అన్నది. అయ్యగారు మంచోడే, "ఒకసారి చూస్తే పోలా ఎబినేజరూ?" అన్నడు. "చూసిన్నయ్యగారూ, అన్ని నేనే చూసిన" అన్నడు ఈయన. అందరు కండ్లు మూసుకున్నరు. నేను మూసుకోలే. తెరిచిన కండ్లతోనే ప్రార్థన చేసిన: ప్రభువా, నా మాట తప్పు కావాలె, నాకేం తెల్వదని రుజువు కావాలె, బండి బయటికి పోవాలె.

ఆమెన్ అన్నరు. తాళం తిప్పిండు. ఇంజిన్ గుర్రుమని లేచింది, చప్పట్లు కొట్టిన్రు, ఆయన కాలుతోని రేసు ఇచ్చిండు. లోపట గిన్నెల రాళ్ళేసి తిప్పినట్టు చప్పుడైంది. అంతే. ఆగిపోయింది.

అందరి ముందటనే ఎడమ పైపు ఇప్పిండు. రెక్కలు విరిగి ఉన్నయ్. వాటికి చుట్టుకొని, పోగులు పోగులుగ నెమలికంఠం పట్టుగుడ్డ. పాడైపోయినా ఆ రంగు ఇంక మెరుస్తనే ఉన్నది. ఆయన దాన్ని ఎత్తి చూపెట్టి అన్న మాట ఇంతే: "ఇంట్ల దర్జీ ముక్కలు పారేసి పెడితే ఏ బండి బతుకుతది?"

అందరు నన్నే చూసిన్రు. నేను చెప్పింది విన్నోళ్ళే, అయినా నన్నే చూసిన్రు. మా అత్తమ్మ, "ఆ మిషన్లు ఇంట్ల ఉన్నన్ని దినాలు వాని బండి బాగుపడదు" అన్నది. అయ్యగారు నా దిక్కు చూసి, బైబిలు మూసిండు. పలావు మాత్రం అందరు తిన్నరు. నేనే వడ్డించిన.

ఆ వారంలనే ఒక మిషన్ ఎర్రుపాలెంల మా ఆడబిడ్డకు పోయింది, "ఉత్తగనే పడున్నది గదా" అని. ఇంకోటి అటకెక్కింది. "మరి నా షెడ్డు?" అని అడిగిన. "మిషన్లే లేవు, ఇంక షెడ్డెందుకు నీకు?" అన్నడు. నా బోర్డు పీకి నేల మీద ఏసుకున్నడు, కారు కింద పండుకుంటే ఈపుకు చల్లదనం తగలకుంట. సంపూర్ణ లేడీస్ టైలర్ అన్న అక్షరాల మీదనే పండుకుంటడు. పోదామనుకున్న. ఏడికి పోత? అమ్మ లేదు. జూలూరుపాడుల అన్న ఇంటికి పోతే వదిన మొదటి దినం కోడి కోస్తది, మూడో దినం "అన్నయ్య ఎప్పుడొస్తడు నిన్ను తీసుకపోనీకి" అంటది. రాత్రుళ్ళు పండుకొని ఏడ్సిన దినాలున్నయ్. తర్వాత ఏడుపు కూడ రాలే.

కొత్త టర్బో పార్సిల్ వచ్చింది. మళ్ళ ఇప్పదీసుడు, మళ్ళ బిగించుడు. ఈసారి గుడ్డలు నన్నే పెట్టుమన్నడు, నన్నే తియ్యుమన్నడు. పాత తువ్వాలలు చింపి పెట్టిన. పైపులు బిగించే ముందు ఒక్కొక్కటి తీసి, ఉతికి, ఆరేసి, మడిచి, ఒకప్పుడు నా దారపు కండెలు పెట్టుకున్న డబ్బాల దాచిన.

మొన్న ఆదివారం మధ్యాన్నం. ఎవర్ని పిలవలే. ఆయన కార్ల కూసొని తాళం పెట్టిండు. తిప్పబోయి ఆగిండు. అద్దం దించి తల బయటికి పెట్టి నా దిక్కు చూసిండు. ఇన్నేండ్ల కాపురంల ఆ కారు సంగతి గానీ, ఏ సంగతి గానీ ఆయన నన్ను అడగడం అదే మొదలు.

"సంపూర్ణా, గుడ్డలన్ని బయటికొచ్చినయా?"

వచ్చినయ్. డబ్బాల ఉన్నయ్. ఒక్క మాటంటే తాళం తిరుగుతది, బండి బయటికి పోతది, ఆయన పేరు మోగుతది. షెడ్డు మాత్రం నాది కాదు, ఇంక ఎప్పటికీ కాదు.

"నాకేం తెల్సండి?" అన్న.

తాళం మీద ఆయన చెయ్యి అట్లనే ఆగింది. తాళం గుంజి జేబుల ఏసుకున్నడు. తర్వాత దిగి, నా పేరున్న బోర్డు మీద పండుకొని, మొదటి బోల్టు కాడికెల్లి మళ్ళ ఇప్పదీసుడు మొదలుపెట్టిండు. లైటు పట్టుమన్నడు.

పట్టిన. పొయ్యి ముందే బంద్ చేసి వచ్చిన.