నీటి మీద ఉన్నవాళ్ళ లెక్క

మధ్యాహ్నం రెండు దాటినా పాపాయి ఇంకా వరసలోనే ఉంది. పొద్దున్నే అమ్మాల్సిన చేపలు గంపలో మెత్తబడిపోతున్నాయి. వంద రూపాయల బేరం పోయినట్టే. అయినా కదలడానికి లేదు. ఐదింటికి జాబితా మూసేస్తానని ఎమ్మార్వో ఆఫీసు గుమస్తా జానకిరామ్ పొద్దున్నే చెప్పేశాడు.

రాజమండ్రి పెరిగి పెరిగి గోదావరి గట్టు కింది పల్లంలోకి దిగింది. అరటితోటలు పోయి లేఅవుట్లు, ఉద్యోగస్తుల డాబాలు, ఇటుకబట్టీ కూలీల పాకలు వచ్చాయి. అందరికంటే ముందునుంచీ ఉన్న జాలరిపేట మాత్రం గట్టునే అంటిపెట్టుకుని ఉంది. ఇప్పుడు గట్టు వెడల్పు చేస్తారట, పాకలు తీసేస్తారట. పెళ్ళయిన ప్రతి జంటకీ వేరేచోట రెండు సెంట్లు ఇస్తారు. జాబితాలో ఇద్దరి పేర్లూ ఉండాలి.

చిక్కంతా అక్కడే. పడవ మీద ఉన్న మనిషిని లెక్కలో కలిపితే గంగమ్మ ఆ లెక్క తగ్గిస్తుందని పేటలో భయం. ఎనిమిదేళ్ళ కిందట జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడూ ఒడ్డున ఉన్నవాళ్ళనే చెప్పారు. రెండొందల మంది పేట కాగితాల్లో డెబ్బై మందయింది. వచ్చిన కుళాయి ఒక్కటే. ఈ మనుషుల మీద కోపం తెచ్చుకోవాలో, వాళ్ళని అలా వదిలేసిన వాళ్ళ మీద తెచ్చుకోవాలో తెలియదు.

పాపాయి ముగ్గురు కొడుకులూ వేటకు వెళ్ళి నాలుగు రోజులయింది. పెద్దవాళ్ళిద్దరికీ పెళ్ళాం పిల్లలున్నారు. వాళ్ళ పేర్లు చెప్పకపోతే రెండు స్థలాలు పోతాయి. చెబుదామంటే ఎనభై ఆరు వరద గుర్తొస్తుంది. ఆ రోజు గట్టు మీద ఎవరో అడిగితే, పడవలో ఉన్న భర్తని కూడా కలిపి ఐదుగురమని చెప్పింది. ఆయన తిరిగి రాలేదు. ఆ పాపం తన నోటిదేనని పదమూడేళ్ళుగా నమ్ముతోంది.

ఆమె వంతు వచ్చింది. ఒడ్డున ఉన్న ఎనిమిది మందేనా అని జానకిరామ్ అడిగాడు. కోడలు రాణి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పక్కనే కుర్చీలో మాజీ సర్పంచ్ గణేష్‌బాబు ఉన్నాడు. పేర్లు లేక మిగిలిపోయే స్థలాలు తన లేఅవుట్లో కలుపుకోవాలని ఆయన చూస్తున్న సంగతి ఊరంతటికీ తెలుసు.

“వాళ్ళ ఆచారం మనం కాదనకూడదండి. ఎనిమిదే రాసేయండి,” అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనమే పాపాయిని కాల్చింది. ఏనాడూ పేట గడప తొక్కనివాడికి ఈ రోజు గంగమ్మ మీద భక్తి పుట్టుకొచ్చింది.

“ఆ మాట మాదండి. మీరు చెప్పకండి,” అంది. తర్వాత గుమస్తా వైపు తిరిగింది. “పదకొండు మందిమి బాబూ. రాసుకోండి. పెద్దోడు అప్పాజీ. రెండోవోడు రాముడు.”

చిన్నవాడికి పెళ్ళి కాలేదు, వాడి పేరుతో స్థలమేమీ రాదు. కావాలంటే వాడినొక్కడినీ దాచుకోవచ్చు.

“చిన్నోడు కిరణ్,” అంది.

వెనకున్న ఆడవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగారు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న మహాలక్ష్మమ్మ కూడా ముఖం తిప్పుకుంది. జానకిరామ్ తర్వాతి పేరు పిలిచాడు. ఎవరూ ముందుకు రాలేదు.

పాపాయి గంప ఎత్తుకుని గట్టెక్కింది. గాలి మొదలైంది. కనుచూపు మేరలో ఒక్క పడవ కూడా లేదు.