వంటింట్లోంచి వచ్చే కమాండు

పెద్ద వరదొచ్చి సఖినేటిపల్లి రేవులో నా పడవ కొట్టుకుపోయిన ఏటికి పదకొండో ఏడది. మళ్ళీ పడవ కొనలేదు నేను. మలికిపురంలో మావాడు గంగబాబు ఇంటి ముందుగదిలో కంప్యూటరు సెంటరు పెట్టేడు. బోర్డు మీద వాడి పేరే. ఆ గదికీ వంటింటికీ మధ్యనున్న నడవలో నా మంచం.

నేను పెద్దగా మాట్లాడను. అందుకని అందరూ నాతో మాట్లాడతారు. మా కోడలు సాయిదుర్గ పప్పు రుబ్బుతూ, కూర తరుగుతూ చెప్పుకునేది. ఇందులో తను చెప్పిందే ఎక్కువ.

కంప్యూటరు చదువుకున్నది తను. పెళ్ళికి ముందు, రాజమండ్రిలో. గంగబాబుకి టైపు వచ్చు, మాటకారితనం వచ్చు. అప్పట్లో ఆ పెట్టె తెరమీద బొమ్మలుండేవి కావు. నల్లగా ఉండేది. ఏం కావాలన్నా దానికి తెలిసిన మాటే కొట్టాలి. దాన్ని కమాండంటారు. ఆ మాట తెలీక కొబ్బరి కొట్లవాళ్ళు, రొయ్యల చెరువులవాళ్ళు మా ఇంటికొచ్చేవారు. మా ఇళ్ళలో మామగారి ఎదుట కోడలు కుర్చీలో కూర్చోదు, ముందుగదిలో మగవాళ్ళతో మాట్లాడదు. అంచేత వచ్చినవాళ్ళు గంగబాబుకి చెప్పేవారు, గంగబాబు వంటింటి గుమ్మం దాకా వచ్చి తనకి చెప్పేవాడు, తను చెప్పిన కమాండు పట్టుకెళ్ళి మళ్ళీ వాళ్ళకి చెప్పేవాడు. నా మంచం పక్కనించే ఆ రాకపోకలు.

"సాయీ, కృపారావుగారి ఫైలు కనబడటం లేదంట. ఏం కొట్టాలి?"

"ఫ్లాపీలో పెట్టేరా, పెట్టెలో పెట్టేరా?"

"కమాండు చెప్పవే అంటే నాకు పరీక్ష పెడతావేంటి?"

"ముందు అట్టు తిరగెయ్యమ్మా," అనేది మా ఆవిడ దుర్గమ్మ.

ఓసారి గోరుచిక్కుళ్ళు తుంచుతూ అంది సాయిదుర్గ. "మామయ్యగారూ, కమాండు కావాలని ఎవరూ రారండి. పోయిందంటారు, రావట్లేదంటారు. ఏం పోయింది, ఎక్కడ పెట్టేరు, ఆఖర్ని ఏం కొట్టేరు, ఇవన్నీ అడిగితేగానీ వాళ్ళకేం కావాలో వాళ్ళకే తెలీదు. నేనడిగింది ఈయన నడవ దాటేలోపు పారేసుకుంటారు. నిన్న రొయ్యల చెరువాయన 'గంగబాబుది బుర్రండీ బుర్ర' అంటున్నాడు. నేను గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులు పెడుతున్నాను. ఈయన నవ్వుతున్నారు. నాకు ఏడుపు రాలేదండి. ఆకలేసింది. పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత ఈయన్నడిగితే, 'ఇల్లు మనందరిదీను, పేరెవరిదైతే ఏంటి' అన్నారు. ఎవరిదైనా ఒకటే అయితే నాదే పెట్టొచ్చు కదండీ. ఆ మాట నోటిదాకా వచ్చింది. అత్తయ్యగారు పెరుగడిగేరు, లేచేను. నా మాటలన్నీ ఇలాగే సగంలో లేచిపోతాయి. నాకు బోర్డు కూడా వద్దండి. వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మొహం చూస్తూ అడగాలనుంటుంది. అదొక్కటే."

నేను ఆయ్ అన్నాను.

శ్రావణంలో గంగబాబు ఫ్లాపీలు కొనడానికి కాకినాడ వెళ్ళేడు. ఆవేళే వచ్చేడు ఆనందరావు, కొబ్బరి కొట్టులో గుమాస్తా. కంప్యూటరు పెట్టెని దుప్పటిలో చుట్టి, జబ్బుమనిషిని ఆస్పత్రికి తెచ్చినట్టు సైకిలు వెనకాల కట్టుకొచ్చేడు.

"గంగబాబు లేడాండీ?"

"లేడు."

"కొంప మునిగిందండి. పాత ఫైళ్ళు తీసేద్దామని కొడితే కొత్తవీ పోయేయి. తెలిస్తే మా షావుకారు నన్నుంచడండి."

ఆవేళ మాటలు అటూ ఇటూ మోసేది నేననుకున్నాడు, నావైపే చూస్తున్నాడు. వంటింట్లో కత్తిపీట చప్పుడాగింది. సాయిదుర్గ గుమ్మందాకా వచ్చి ఆగింది. నన్ను చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని గుమ్మం దాటింది.

"ఎక్కడికే? పొయ్యిమీద పులుసుంది," అంది దుర్గమ్మ.

"దింపెయ్యండి అత్తయ్యగారూ."

నా ఎదురుగానే వెళ్ళి గంగబాబు కుర్చీలో కూర్చుంది. ఆనందరావుని పక్కనున్న స్టూలు మీద కూర్చోమంది. పెట్టెకి తీగలు తగిలించి, కీబోర్డు అతని ముందుకే జరిపింది.

"పోయాక మళ్ళీ ఏమైనా కొట్టేరాండీ?"

"లేదండి. భయమేసి కట్టేసేను."

"మంచి పని చేసేరు. వాటిమీద ఇంకోటి రాయనంతవరకూ అవి అక్కడే ఉంటాయి. నేను చెప్తాను, మీరే కొట్టండి."

అన్‌డిలీట్ అనే కమాండు చెప్పింది. అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేడతను. తెరమీద పేర్లొచ్చేయి గానీ దేనికీ తలకాయ లేదు. మొదటి అక్షరం ఉండాల్సినచోట ప్రశ్నగుర్తు.

"ఆ ఒక్క అక్షరం దానికి గుర్తుండదండి. పేరు పెట్టినవాళ్ళే చెప్పాలి. ఇది దేని లెక్క?"

"ఎండుకొబ్బరిదండి. కోప్రా అని పెట్టేను."

"అయితే సి కొట్టండి."

ఒక్కొక్కటే అడిగింది. అతను తలగోక్కుంటే ఆగింది. అడిగిందీ తనే, విన్నదీ తనే. మధ్యలో ఏమీ ఒలకలేదు. తన మొహం అంత తేటగా ఉండటం నేను మా ఇంట్లో చూడటం అదే మొదలు.

ఆఖరి ఫైలు వచ్చేక ఆనందరావు దుప్పటి సర్దుకుంటూ, "మళ్ళీ ఏదైనా పోతే ఎవర్నడగాలండీ?" అన్నాడు.

"నన్నండి," అంది.

పులుసు మాడింది. దుర్గమ్మ దింపలేదు. "బజారంతా ఏమనుకుంటారు? మీరైనా చెప్పరేం?" అని నామీద పడింది. నేను మాడిన పులుసే ఇంకో గరిటె వేయించుకున్నాను.

బజారు ఏమనుకుందో సాయంత్రం బస్సు దిగుతూనే గంగబాబు విన్నాడు. వస్తూనే అన్నాడు, "నేనొచ్చేదాకా ఉండమనొచ్చు కదా. నాకు చెప్తే నేను చెప్పేవాణ్ణి కదా."

తను కుర్చీలోంచి లేవలేదు. "ఇకమీదట నేనే చెప్తానండి. ఇక్కడే కూర్చుని."

"మరి వంట?"

"మీరు చూడండి. ఏ డబ్బాలో ఏముందో తెలీకపోతే గుమ్మందాకా వచ్చి అడగండి. ఇక్కణ్ణించి చెప్తాను."

గంగబాబు నవ్వబోయి ఆగేడు. వాడూ దుర్గమ్మా నావైపు చూసేరు. పడవమీద ఉన్నన్నాళ్ళూ అన్నం, కూరా వండుకున్నది మగాళ్ళమే. రేవుకొచ్చి తాడు కట్టగానే ఆ పని మాకు రాకుండా పోతుంది.

మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేను. గంగబాబు చేత ఉల్లిపాయలు ఒలిపించేను. దుర్గమ్మ నా మంచంమీద కూర్చుని ఇద్దర్నీ చూస్తోంది. ఉప్పు కనబడలేదు. గుమ్మందాకా వెళ్ళేను. ముందుగదిలో స్టూలు మీద కృపారావు, కుర్చీలో తను.

"అమ్మాయ్, ఉప్పెక్కడ?" అన్నాను.

తను తల తిప్పలేదు.

"దేంట్లోకండి, మామయ్యగారూ?"