సమ్సోను భుజంలో బల్బు

సంజీవన్న ఫోన్ చేసి, "రేయ్ ఫ్రెడ్డీ, శనివారం మ్యూజియం కాడికి రా. సమ్సోను సంగతి ఇంక దాచేది లేదు, అందరి ముందరా చెప్పేస్తా ఉండా" అన్నాడు. ఈస్టరుకి కుట్టించిన తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేసుకున్నాను. మా ఆవిడ అనుమానంగా చూసింది. నేను శుభ్రంగా తయారైతే ఎవరికో మూడిందని ఆమె లెక్క.

సమ్సోను అంటే రేకు మనిషి. నలభై రెండేళ్ల కింద, రేడియోలు బాగుచేసే సంజీవన్న మా చర్చి క్రిస్మస్ ప్రోగ్రాం కోసం తయారుచేశాడు. కళ్లలో బల్బులు, రొమ్ము మీద రేడియో ముల్లు. అది నడుస్తుందని, సండేస్కూలు పిల్లలు ఏ ప్రశ్న వేసినా జవాబు చెబుతుందని ఊరంతా కాగితాలు పంచేశాడు. ప్రోగ్రాం ముందురోజు మోటారు కాలిపోయింది. చర్చి వెనక షెడ్డులోకి నన్ను పిలిచి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఈ మాట బయటికి పోదని ఒట్టు వేయించుకున్నాడు. నేను రేకులో దూరాను.

ఒక్కసారి అనుకున్నది మూడేళ్లు దూరాను. నెల్లూరు, ముత్తుకూరు, చిల్లకూరు, ఎక్కడ సభ అంటే అక్కడ. ఎడమ భుజానికి ఆనుకుని ఒక బల్బు ఉండేది. అది కాల్చిన మచ్చ రూపాయి బిళ్లంత ఇప్పటికీ ఉంది. ఇస్త్రీ పెట్టె తగిలిందని మా ఆవిడకు చెప్పాను. సొరచేప కరిచిందని మేనకోడలు అబిగయీలుకు చెప్పాను.

మా బావమరిదిని పెళ్లికి ఒకరోజు ముందే పంపి, ఖాళీ పందిట్లో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టిన మనిషిని నేను. ఏ తుంటరి పని చేసినా సాయంత్రానికల్లా నేనే చెప్పేసుకుంటాను, లేకపోతే అన్నం సయించదు. సమ్సోను ఒక్కటే నలభై రెండేళ్లు కడుపులో ఉండిపోయింది.

అబిగయీలు ముత్తుకూరులో టీచరు. స్కూటీ మీద నన్ను తీసుకెళ్లింది. మ్యూజియంలో సమ్సోనును అద్దాల బీరువాలో నిలబెట్టారు. తుప్పు గీకి, కొత్త రంగు వేశారు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, పెద్ద బోర్డు చదవాలంటే పొద్దుపోతుంది.

"చదవ్వే అమ్మా, గట్టిగా."

అబిగయీలు చదివింది. మోటారు కాలిపోయిన సంగతి ఉంది. లోపల మనిషి దూరిన సంగతీ ఉంది. "లోపల దాగి సమ్సోనును నడిపించి, మాట్లాడించినది సంజీవరావు గారి తమ్ముడు, కీర్తిశేషులు కిషోర్ బాబు."

"మళ్లీ చదువు."

మళ్లీ అదే చదివింది. తల ఎత్తితే గుమ్మం మీద ఆ గదికి పెట్టిన పేరు కనిపించింది. అదీ కిషోర్ బాబు పేరే.

"అబిగయీలూ, లోపల ఉండింది నేను."

"సొరచేప మాదిరేనా మామా?" అని నవ్వింది.

మూలన కుర్చీలో దండతో కూర్చున్న సంజీవన్న దగ్గరికి వెళ్లి వంగాను. "ఏంది అన్నా ఇది?"

ఆయన నా ముఖం చూడలేదు. దండలో పూరేకు ఒకటి తుంచాడు. "వాడు పోయినాడు కదరా. పోయినోడికి ఒక పేరుండనీ. నీకేంది, నవ్విస్తా నవ్వుతా బతికేస్తావు."

"మరి నన్నెందుకు పిలిచినావు?"

"నువ్వు లేకపోతే బాగుండదని."

అంతలో ఒక పాప బీరువా పక్కనున్న మీట నొక్కింది. అప్పట్లో చర్చిలో రికార్డు చేసిన పాత క్యాసెట్ మోగింది. ఎవరో పిల్లవాడు నోవహు ముగ్గురు కొడుకుల పేర్లు అడుగుతున్నాడు. రేకు గొంతు చెబుతోంది: "షేము. హాము. మూడోవాడు గొర్రెలు తోలేదానికి పోయినాడు, వచ్చినాక అడిగి చెప్తా." చర్చి మొత్తం నవ్విన చప్పుడు. ఆ రోజు నాకు మూడోపేరు నిజంగా గుర్తురాలేదు. చీకట్లో, చెమటలో, భుజం కాలిపోతుంటే నోటికొచ్చింది అనేశాను.

క్యాసెట్ ఆగగానే నేను గొంతు బిగించి, ముక్కుతో, అదే మాట అదే రాగంలో అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అందరికీ అర్థమైందనుకున్నాను.

తర్వాత చప్పట్లు కొట్టారు. "అచ్చం దింపేసినాడబ్బా, భలే మిమిక్రీ" అన్నారెవరో. పాప ఇంకోసారి చెయ్యమంది. అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టింది సంజీవన్న. "మా ఫ్రెడ్డీ అంతేనమ్మా, చిన్నప్పటి నుంచీ వీడికి ఇదే పని" అన్నాడు అందరికీ వినపడేలా.

బైబిలు మీద చెయ్యి పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పెట్టలేదు.

తిరుగుదారిలో ముత్తుకూరు రోడ్డు మీద బొగ్గు లారీలు పోతుంటే అబిగయీలు బండి పక్కకు తీసి ఆపింది.

"మామా, కిషోర్ బాబు అంకుల్ మాకు బైబిలు క్విజ్ నేర్పినాడు. ప్రతి ఏడూ ఆయనే ఫస్టు. నోవహు కొడుకుల పేర్లు నిద్రలో లేపినా చెప్తాడు. యాపెతును ఎట్టా మర్చిపోతాడు?"

నేను లారీలు చూస్తున్నాను.

"ఆ మచ్చ దేనిది?"

"బల్బుది."

తను హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుంది. "మళ్లీ పోదాం పద. ఆయన్నే అడుగుతా."

"వద్దులే. నలభై రెండేళ్లు నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నాను. ఇప్పుడు తెరిచినా నన్నెవరూ నమ్మరని ఆయనకు తెలుసు. తెలిసే పిలిచినాడు."

ఏదైనా జోకు వేసి ఆ పిల్లను నవ్వించాలని చూశాను. ఒక్కటీ తట్టలేదు.