ఇరవై ఐదో వరుస

లిస్టు బాబాయ్ తడిగుడ్డతో కంప్యూటరు తెర తుడుస్తున్నాడు. ముందు నాలుగు మూలలు, తర్వాత నడిమధ్య, ఆఖరున మీటల సందులు. పదకొండేళ్ళుగా ఆ కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ల జాబితా కొడుతున్నది ఆయనే కాబట్టి, పెద్ద డాక్టరు మొదలు ఆయా దాకా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇంట్లో భార్యకు ఒళ్ళు మండినప్పుడు ఆవిడా అంతే. "లిస్టు బాబాయ్ గారూ, ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చారేం?"

ఆ రోజుతో ఆయన ఉద్యోగం పూర్తవుతుంది. ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టుకుని, రోజూ లాగే తొమ్మిదికి పది నిమిషాలుండగా వచ్చి కూర్చున్నాడు. ఆయన చోటుకు వచ్చిన కొత్తమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుని పని చూస్తోంది.

"చూడమ్మా. తెర మీద ఇరవై నాలుగు వరుసలు. వరుసకొక మనిషి. పేరు, వయసు, కుడి కన్నో ఎడమ కన్నో. ఇరవై నాలుగు కాగానే కిటికీ మూసెయ్యాలి."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకేమిటి? అంతే పడతారు."

ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు మూడు నెలలకొకసారి వస్తాడు. ముందురోజు పరికరాలు చూసుకుని, మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆపరేషన్లు చేసి వెళ్ళిపోతాడు. తలుపు మీద అంటించిన జాబితాలో పేరుంటే కన్ను వచ్చినట్టే. లేకపోతే మళ్ళీ మూడు నెలలు తడుముకోవలసిందే.

ఆ పొద్దున వాన. జనం పలచగా వచ్చారు. అయినా మధ్యాహ్నానికి ఇరవై నాలుగు చీటీలు నిండాయి. బాబాయ్ కిటికీ రెక్క మీద చెయ్యి వేసేసరికి ఒకావిడ తడిసిన గొడుగుతో పరుగెత్తుకొచ్చింది. వీధి చివర బట్టలు కుడుతుంది. మొహం ఎరిగినదే.

"నిండిపోయిందమ్మా. వచ్చేసారి రా."

"ఇది మూడోసారి బాబూ! మొన్న ఒకాయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. ఇంకో మూడు నెలలు ఇలాగే ఉంటే నా దగ్గర గుడ్డ ఎవరు పెడతారు? మిషను అమ్ముకోవలసిందే."

బాబాయ్ తల దించుకున్నాడు. ఇలాంటి మాటలు ఆయన చాలా విన్నాడు. విన్న ప్రతిసారీ ఆ పూట అన్నం సయించేది కాదు.

ఈలోగా కొత్తమ్మాయి చెయ్యి చాచి ఆవిడ చీటీ తీసుకుంది. ఇరవై నాలుగో వరుస చివర మీట నొక్కి, ఆవిడ పేరు కొట్టడం మొదలుపెట్టింది. తెర మీది వరుసలన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. మొట్టమొదటి పేరు మాయమైపోయింది.

"ఆపమ్మా, ఆపు!" బాబాయ్ స్టూలు పట్టుకుని లాగినంత పని చేశాడు. "ఒక మనిషి పోయాడు!"

తను ఉద్యోగంలో చేరిన మొదటి వారం అచ్చం ఇలాగే జరిగింది. పై పేరు పోయింది. తెర మీద ఉన్నదే అచ్చు తీశాడు. మర్నాడు ఆ పేరుగల ముసలాయన చేతిసంచీతో వచ్చి, తలుపు మీద పేరు వెతికించుకుని, గోడ తడుముకుంటూ తిరిగి వెళ్ళాడు. ఆ నడక బాబాయ్ కళ్ళల్లోంచి ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత ఇరవై ఐదో వరుస జోలికి వెళితే ఒట్టు.

కొత్తమ్మాయి పైబాణం మీట నొక్కుతూ పోయింది. తెర కొస దాటగానే వరుసలన్నీ కిందికి దిగాయి. పోయిన పేరు చక్కా వచ్చి మొదట నిలబడింది.

"ఎక్కడికీ పోలేదు బాబాయ్. మేడ మీద కూర్చున్నాడు, అంతే."

"మరి మనకు కనబడలేదే!"

"తెర కిటికీలాంటిది. ఇరవై నాలుగే చూపిస్తుంది. దీని జ్ఞాపకంలో పేజీ మాత్రం డెబ్బై రెండు వరుసల పొడుగు. మీరు తెర అచ్చు తీస్తున్నారు. పేజీ మొత్తం అచ్చు తీసే మీట ఇదిగో, పక్కనే ఉంది."

బాబాయ్ ఆ మీట వంక చూశాడు. పదకొండేళ్ళు రోజూ తుడిచిన మీట. లేచి, పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు.

"అయ్యా, రోజుకు ఇరవై నలుగురే అని తమరు ఎప్పుడైనా చెప్పారా?"

డాక్టరు కళ్ళజోడు పైకి తోశాడు. "నేనెందుకు చెబుతాను? మీరు ఇరవై నలుగురిని పంపిస్తున్నారు, ఊళ్ళో అంతమందే ఉన్నారు కాబోలనుకున్నాను. నాలుగింటికల్లా పని అయిపోయి కూర్చుని పేపరు చదువుకుంటున్నానయ్యా!"

"ఎంతమందిని చెయ్యగలరు?"

"నువ్విలా వచ్చి కబుర్లు చెప్పకపోతే ముప్ఫైమందిని."

బాబాయ్‌కి నవ్వొచ్చింది. వరండాలోకి వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. అందరినీ చల్లగా చూడమని రోజూ దణ్ణం పెట్టుకున్నది తనే. వచ్చినవాళ్ళకు కిటికీ మూసిందీ తనే. తెలియక చేసినదాన్ని దేవుడు ఏ పేజీలో రాసుకుంటాడు? కిటికీ దగ్గర కుట్టుపని ఆవిడ ఇంకా గొడుగు పట్టుకునే ఉంది.

"రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యమ్మా. ఏమీ తినకుండా రా."

"నిజంగానా బాబూ?"

"నిజంగానే. కన్నొచ్చాక ముందు ఆ చొక్కా ఆయనకు కుడిచెయ్యి కుట్టిపెట్టు."

సాయంత్రం ఆయనే ఆ మీట నొక్కాడు. కాగితానికి ఇరవై నాలుగు వరుసల చొప్పున, మొదటి కాగితం నిండుగా వచ్చింది. రెండో కాగితం మీద ఒకే ఒక్క పేరు.

"జాబితా ఇక్కడితో సరని కింద గీత గీసెయ్యనా బాబాయ్?" అంది కొత్తమ్మాయి.

"వద్దు, ఉండనీ. ఇంకా అయిదుగురికి చోటుంది. పొద్దున కిటికీ తియ్యకముందే ఎవరైనా రావచ్చు."

రెండు కాగితాలూ తలుపుకు అంటించి, ఆయన కాసేపు అక్కడే ఏదో సర్దాడు. అయిదయ్యింది. "మీ పిన్ని ఎదురుచూస్తుంటుంది" అని కొత్తమ్మాయి తల మీద చెయ్యి వేసి, మెట్లు దిగి, రోజూ ఎక్కే బస్సే ఎక్కాడు.

తలుపు మీద రెండో కాగితంలో ఒక్క పేరు కింద అంతా తెల్లగా ఉంది. పక్కన మేకుకు, ఫైలు తాడుతో కట్టిన, ఆయన జేబులోని నీలం పెన్ను వేలాడుతోంది.