మాస్టరు మరిచిన కత్తెర

క్యారమ్ బోర్డు గోడకు ఆనించి, ఊరేగింపు జెండాలు మూలకు నెట్టి, ఓడరేవు పక్కనున్న మా ఏక్‌బాల్‌పూర్ పేట క్లబ్బు గదిలో ప్రతి ఆదివారం పదింటికి మాకు వ్యాపారం నేర్పేవారు. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న నాకు వ్యాపారం నేర్పేదెవరు? హైమ అట. హైదరాబాదు నుంచి ఉద్యోగం మీద వచ్చింది, నా కూతురికంటే చిన్నది. డాక్ గేటు దగ్గర ఇడ్లీలమ్మే గవరయ్య పోరు పడలేక వెళ్లాను. అతనూ, ఎండుచేపల గురవమ్మా, నేనూ, ఇంకో ముగ్గురూ. అంతే క్లాసు.

నిజం చెప్పొద్దూ, మూడు వారాలకే ఆ పిల్ల నాకు నచ్చేసింది. పాఠం చెప్పదు, అడుగుతుంది. మనం చెప్పుకునే గొప్పలు మనకే వినపడేలా అడుగుతుంది. నాలుగో వారం మాత్రం నా కొంప ముంచింది.

"మీ దుకాణానికి జనం దేనికోసం వస్తారో, వచ్చే ఆదివారం అది అందరి ముందూ చేసి చూపించాలి. మాస్టారూ, మీరు జాకెట్టు కత్తిరించండి."

నేను కత్తిరించి మూడేళ్లయింది. కంటి నరం దెబ్బతింది, అద్దాలతో కుదరదన్నాడు డాక్టరు. గుడ్డ మీద సుద్దగీత నాకు ఆనదు. మా పనిలో కత్తిరించేవాడే మాస్టరు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు ఆడవాళ్లవి. అలాంటిది మూడేళ్లుగా తెర వెనక కత్తెర ఆడిస్తున్నది నా భార్య మహాలక్ష్మమ్మ. నేను మెడలో టేపు వేసుకుని ముందు కూర్చుంటాను, ఆది జాకెట్టు అందుకుని లోపలికిస్తాను, పొగడ్తలు మాత్రం నేనే ఉంచుకుంటాను. మాస్టరనే పిలుపు పోతే నాకింకేం మిగులుతుంది? ఆ భయంతో వారమంతా అన్నం సయించలేదు.

కత్తిరించి చూపించే సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆదివారం గుడ్డ, టేపు, సుద్ద సంచిలో వేసుకుని, కత్తెర మాత్రం కావాలనే బల్ల మీద వదిలేశాను. మరిచిపోయానంటే ఎవరు కాదంటారు?

గవరయ్య అల్లం చట్నీ నూరి అందరికీ రుచి చూపించాడు. గురవమ్మ కళ్లు మూసుకుని, చేప వాసన చూసి, ఎన్నాళ్లు ఎండిందో చెప్పింది. నా వంతు వచ్చింది. గుడ్డ బల్ల మీద పరిచి, సంచి తడుముకుని, "అయ్యో, కత్తెర మరిచిపోయానమ్మా!" అన్నాను. నటన బాగానే కుదిరింది.

అంతలో గుమ్మంలో మహాలక్ష్మమ్మ. రొప్పుతోంది.

"గుడ్డట్టుకెళ్లి కత్తెర ఒగ్గీసినావేటయ్యా? ఇది లేకండా ఏటి సేస్తావని పరిగెట్టుకొచ్చీసినాను."

కత్తెర నా చేతిలో పెట్టింది. అందరూ చూస్తున్నారు. అందిస్తున్నప్పుడు ఆమె బొటనవేలు నా వేలికి తగిలింది. గరుగ్గా ఉంది, కాయ కాసింది. ఒకప్పుడు అక్కడే నాకూ ఉండేది. నా వేలు మెత్తబడి ఎన్నాళ్లయిందో! ఆ చేతిని మూడేళ్లు తెర వెనక దాచినందుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"అమ్మా, నా దుకాణానికి జనం దేనికోసం వొస్తారో, అదిప్పుడే వొచ్చింది" అన్నాను హైమతో. "మూడేళ్లుగా కత్తిరించేది ఈవిడే. నాకు కళ్లు ఆనవు."

కత్తెర తిరిగి మహాలక్ష్మమ్మ చేతిలో పెట్టాను. ఆమె బెదిరిపోయి నా మొహంలోకి చూసింది. ముందు నవ్వింది గురవమ్మే.

"నీకు ఆనకపోతే మాకూ ఆనవేటి మాస్టారూ? మూడేళ్ల నుంచీ నా జాకెట్టు సంకల్లో పట్టీడం మానీసింది. అప్పుడే తెలిసిపోనాది."

గవరయ్య తల వంచుకుని చట్నీ గిన్నె సర్దుకుంటున్నాడు. అంటే వీడికీ తెలుసు. అందరికీ తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ నన్ను మాస్టారూ మాస్టారూ అని పిలిచారు.

హైమ హాజరు పుస్తకం తెరిచి, "అమ్మా, మీ పేరు చెప్పండి" అంది. నా పేరు కింద ఇంకో పేరు చేరింది.

మహాలక్ష్మమ్మ కొంగు నడుముకు బిగించి, గురవమ్మ భుజాలకేసి ఒకసారి చూసి, సుద్దతో చకచకా గీసింది. గుడ్డ జారకుండా నేను కొస పట్టుకున్నాను. నేను కత్తిరించే రోజుల్లో అది ఆమె పని.

"బిగించి అట్టుకో, కదిలిపోతంది" అంది మాస్టరు.